నరకమను మాట ఎవరికొరకు చెప్పబడినది?

ధ్యానభాగము: లూకా 13:1–9



2025వ సంవత్సరము నవంబరు 3వ తేదీ, సోమవారము ఉదయమున, చేవెళ్ల మండలములోని మీర్జాగూడ వద్ద జరిగిన ప్రమాదమును మన ప్రాంతమువారు మరచిపోలేరు. తాండూరు నుండి హైదరాబాదునకు పోవు ఆర్టీసీ బస్సును ఎదురుగా వచ్చిన కంకర టిప్పరు కొట్టెను. ఆ కంకర అంతయు బస్సులో కూర్చున్నవారి మీద పడెను. 19 మంది చనిపోయిరి. చదువులకు పోవు పిల్లలు, ఉద్యోగములకు పోవు పెద్దలు, తల్లి ఒడిలోని బిడ్డ, అందరును ఆ రాళ్ల క్రింద ఒక్కటైరి. దానికి ముందటి సంవత్సరము, 2024 డిసెంబరు 2న, అదే దారిలో ఆలూరు గేటు వద్ద కూరగాయలు అమ్ముకొనువారి మీదికి లారీ వచ్చి పలువురు మరణించిరి. మఱ్ఱిచెట్ల నీడ గల ఆ దారిలో మన బిడ్డలును ప్రతిదినము పోవుచు వచ్చుచున్నారు.

ఇట్టి మరణములు కలిగినప్పుడు మన ఊళ్లలో మూడు విధములైన మాటలు వినబడును. మొదటిది, రచ్చబండ దగ్గర మాట: "ఎవరి పాపం ఎప్పుడు పండిందో, పాపం." రెండవది, సిగ్గుతో చెప్పవలసియున్నది, మన మందిరపు ఆవరణములోని మాట: "చచ్చినోళ్లల్ల రక్షణ పొందినోళ్లు ఎంతమంది? మిగిలినోళ్లు నరకానికే గదా." మూడవది గట్టిగా పలుకబడదు. బిడ్డను పోగొట్టుకొనిన తల్లి, అందరును వెళ్లిపోయిన తరువాత, కాపరి చెవిలో అడుగు మాట అది: "అయ్యగారూ, నా కొడుకు ఇప్పుడు యాడున్నడు?"

మొదటి మాటకును రెండవ మాటకును చాల భేదమున్నట్లు కనబడును. ఒకటి కర్మను గూర్చినది, ఒకటి నరకమును గూర్చినది. అయినను రెంటికిని వేరు ఒక్కటే. నిలిచియున్నవాడు పడిపోయినవానిని చూచి, వాని లెక్క తాను వ్రాయుచున్నాడు. మూడవ మాట అట్టిది కాదు. అది లెక్క కాదు, దుఃఖము. ఈ నెల ఈ మూడు మాటలను దేవుని వాక్యము నెదుట పెట్టి ధ్యానింతము.

1. ప్రభువు ఇచ్చిన జవాబు

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. గలిలయులు కొందరు బలులర్పించుచుండగా పిలాతు వారిని చంపించెనను వార్తను జనులు ప్రభువునొద్దకు తెచ్చిరి. ప్రభువు ఆ వార్తకు మరియొక వార్తను తానే చేర్చెను. యెరూషలేములో సిలోయము నొద్ద గోపురము కూలి 18 మంది చనిపోయిన సంగతి అది. మొదటిది మనుష్యుని క్రూరత్వము వలన కలిగిన చావు. రెండవది ఎవరును తలంపని ప్రమాదము. రెంటికిని ఆయన ఒకే జవాబు ఇచ్చెను. చనిపోయినవారు మిగిలినవారికంటె ఎక్కువ పాపులని తలంపవద్దనియు, వినుచున్న మీరు మారుమనస్సు పొందనియెడల మీకును నాశనము తప్పదనియు ఆ జవాబు యొక్క సారము.

ఇందులో ఒక సంగతిని గమనింతము. జనులు చనిపోయినవారిని గూర్చి చెప్పిరి, ప్రభువు బ్రదికియున్నవారిని గూర్చి జవాబిచ్చెను. ఆ 18 మంది ఎక్కడికి పోయిరో ఆయన చెప్పలేదు. ఆయనకు తెలియదా? తెలియును. మనకు చెప్పుట ఆయనకు ఇష్టము లేకపోయెను. అదే అధ్యాయములో ఒకడు, రక్షణ పొందువారు కొద్దిమందియేనా అని అడిగెను (13:23). అప్పుడును ఆయన లెక్క చెప్పక, ఇరుకు ద్వారమున ప్రవేశింప నీవు పోరాడుమనెను. తరువాత పేతురు, యోహాను సంగతి ఏమని అడిగినప్పుడు, అది నీకేల, నీవు నన్ను వెంబడించుమనెను (యోహాను 21:22). మూడుమారులును ఇతరుని గూర్చిన ప్రశ్న అడిగినవాని వైపునకే త్రిప్పబడినది.

మొయినాబాదు ప్రాంతమువారికి దీనిని గ్రహించుట కష్టము కాదు. ఒక ప్రక్క గండిపేట చెరువు, మరియొక ప్రక్క హిమాయత్ సాగరు. ఈ రెండును ఎందుకు కట్టబడెను? 1908వ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు పట్టణములో వేలాదిమందిని పొట్టన పెట్టుకొనెను. తరువాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఆయన సలహా మీద మూసీకి ఉస్మాన్ సాగరును, ఈసీకి హిమాయత్ సాగరును కట్టించిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియయ్యెను. కొట్టుకొనిపోయినవారి పాపపు లెక్క విప్పుచు కూర్చుండినయెడల ఈ కట్టలు లేచెడివి కావు. చనిపోయినవారిని బట్టి బ్రదికియున్నవారు మేలుకొని, ఇంక రాబోవు వరదకొరకు కట్ట వేసిరి. ప్రభువు మారుమనస్సు పొందుడనినప్పుడు మన ఆత్మల విషయములో అట్టి పనియే చేయుమనుచున్నాడు.

2. ఆ లోయ ఎక్కడ నున్నది?

మన తెలుగు బైబిలులో సామాన్యముగా "నరకము" అని చదువు మాటకు మూలభాషలో "గెహెన్నా" అని యున్నది. ఇది యెరూషలేము దక్షిణమున నున్న హిన్నోము లోయ పేరు. చనిపోయినవారుండు స్థలమునకు "పాతాళము" అను వేరొక మాట గలదు. ఈ రెంటిని కలుపరాదు. ఆ లోయకు అంత చెడ్డ పేరు ఎట్లు వచ్చెను? యూదా జనులు అక్కడ తోఫెతు అను స్థలమున తమ కుమారులను కుమార్తెలను అగ్నిలో దహించిరని యిర్మీయా వ్రాసెను (7:31). యోషీయా రాజు ఆ స్థలమును అపవిత్రపరచి ఆ పనిని మాన్పించెను (2 రాజులు 23:10). అనగా ఆ లోయలో మొదట అగ్ని రగిల్చినది దేవుడు కాదు, మనుష్యుడే. తన బిడ్డను తానే కాల్చిన మనుష్యుని దుష్టత్వము ఆ పేరులో నిలిచియున్నది. ఇట్టి పని తన మనస్సునకు తోచనైన తోచలేదని దేవుడు ఆ ప్రవక్తచేత చెప్పించెను.

ఆ హిన్నోము లోయ దిగివచ్చి కిద్రోను లోయతో కలియు చోటికి దగ్గరనే సిలోయమున్నది. గోపురము కూలినది అక్కడనే. పుట్టుగ్రుడ్డివాడు ప్రభువు మాట చొప్పున పోయి కడుగుకొని చూపు పొందినదియు సిలోయము కోనేటిలోనే (యోహాను 9:7). ఆ గ్రుడ్డివానిని చూచినప్పుడు శిష్యులు ఏమని అడిగిరి? వీడు పాపము చేసెనా, వీని కన్నవారు చేసిరా అని. అది మన రచ్చబండ ప్రశ్నయే. ప్రభువు రెండును కాదనెను. ఒకే సిలోయము నొద్ద 18 మంది చనిపోయిరి, ఒకడు చూపు పొందెను. రెండు సమయములందును పాపపు లెక్క అడిగినవారికి ఆయన ఆ లెక్క చూపలేదు. ఒకచోట మారుమనస్సు పొందుడనెను. ఇంకొకచోట బురద కలిపి కన్నులకు పూసెను.

3. ఆ మాట ఎవరితో చెప్పబడెను?

గెహెన్నా అను మాట క్రొత్త నిబంధనలో 12 మారులు వచ్చుచున్నది. అందులో 11 మారులు మన ప్రభువు నోటనే వచ్చినది. కనుక నరకమను బోధ తరువాతివారు కల్పించినది అనుటకు వీలు లేదు. పాపులను అంతగా ప్రేమించినవాడే ఈ మాట ఎక్కువగా పలికెను.

అయితే ఎవరితో పలికెను? మీ బైబిలు తెరచి చూడుడి. మత్తయి 5వ అధ్యాయములో కొండమీద శిష్యులకు బోధించుచు మూడుమారులు. 10వ అధ్యాయములో పండ్రెండుగురిని పంపుచు ఒకమారు. 18వ అధ్యాయములోను, మార్కు 9వ అధ్యాయములోను, తమలో గొప్పవాడెవడని వాదించుకొనిన శిష్యులతో. లూకా 12వ అధ్యాయములో, నా స్నేహితులారా అని పిలిచి. మిగిలిన రెండుమారులు మత్తయి 23వ అధ్యాయములో, ధర్మశాస్త్రము బోధించు శాస్త్రులతోను పరిసయ్యులతోను. సుంకరితో ఆయన ఈ మాట అన్నట్లు వ్రాయబడలేదు. వేశ్యతో అనలేదు. సమరయ స్త్రీతో అనలేదు. రోమా శతాధిపతితో అనలేదు. బైబిలు చేతపట్టుకొనినవారితోనే, తన బల్లయొద్ద కూర్చుండువారితోనే అనెను.

ఇక పండ్రెండవది యాకోబు పత్రికలో నున్నది (3:6). అది దేనిని గూర్చి? నాలుకను గూర్చి! విశ్వాసి నాలుకకు నిప్పు నరకమునుండియే అంటుకొనునని యాకోబు హెచ్చరించుచున్నాడు. పొరుగువాడు చనిపోయిన దినమున వాని శవము ఇంకను వాకిటనుండగనే, "నరకానికి పోయిండు" అని పలుకు నాలుకకు ఆ నిప్పు ఎక్కడనుండి వచ్చినదో మనము ఆలోచింపవలెను.

జాన్ వెస్లీగారు 1758వ సంవత్సరము మార్చి నెలలో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డు పట్టణమున అంతిమ తీర్పును గూర్చి ప్రసంగము చేసిరి. అది చెరసాలలోని ఖైదీలకొరకు ఏర్పాటైన ప్రసంగము కాదు. వారికి తీర్పు తీర్చుటకు వచ్చిన న్యాయాధిపతి అక్కడ కూర్చుండి వినెను. తీర్పును గూర్చిన వర్తమానము మొదట వినవలసినది తీర్పు తీర్చు కుర్చీలో కూర్చుండువాడే. సంఘ పెద్దలారా, కాపరులారా, ఆ కుర్చీ మనకు బహు సులభముగా దొరకును. దేవుని యింటియొద్దనే తీర్పు ఆరంభమగునని పేతురు వ్రాసినది (1 పేతురు 4:17) మనకొరకే.

4. అయితే నరకము లేదందమా?

కొందరు ఇదంతయు విని, నరకము వట్టి బెదరింపు, ప్రేమగల దేవుడు ఎవరిని శిక్షింపడు అందురు. మేము అట్లు చెప్పజాలము. హెబ్రీ 9:27 చొప్పున మనుష్యునికి మరణము ఒకసారి, తరువాత తీర్పు. ఆ తీర్పు లేకపోయినయెడల నష్టపోవునది ఎవరు? ధనవంతుడు కాడు, బీదవాడే.

మన ప్రాంతములో ఎకరము కోట్లకు అమ్ముడగు దినములు వచ్చినవి. చదువురాని తన అన్న చేత వేలిముద్ర వేయించుకొనిన తమ్ముడు ఉన్నాడు. రాత్రివేళ హద్దురాయి జరిపినవాడు ఉన్నాడు. తాతల నాటి నుండి దున్నుకొనుచున్న చెలకకు కాగితము లేదని వెళ్లగొట్టబడిన ముసలివాడు కచేరీల చుట్టు తిరిగి తిరిగి, న్యాయము చూడకయే కన్ను మూసెను. పైన తీర్పు లేదందమా? అట్లయిన ఆ ముసలివాని కన్నీటికి విలువ లేదు. కోత కోసినవాని కూలి బిగబట్టినప్పుడు ఆ కూలియే మొఱ్ఱపెట్టుచున్నదనియు, ఆ మొఱ్ఱ సైన్యములకధిపతియగు ప్రభువు చెవిని చేరుచున్నదనియు యాకోబు వ్రాసెను (5:4). ఏ మొఱ్ఱయు వృథాగా పోదనుటయే తీర్పును గూర్చిన సువార్త.

లూకా 16వ అధ్యాయములోని ధనవంతుడు లాజరును కొట్టినట్లు వ్రాయబడలేదు, తిట్టినట్లును వ్రాయబడలేదు. లాజరు వాని గేటు దగ్గర పడియుండెను, అంతే. మత్తయి 25వ అధ్యాయములో ఎడమవైపున నిలిచినవారు దొంగలని గాని హంతకులని గాని చెప్పబడలేదు. ఆకలిగొన్నవానికి పెట్టలేదు, రోగిని చూడబోలేదు. వారును ఆశ్చర్యపడిరి, కుడివైపువారును ఆశ్చర్యపడిరి. ఎవరు ఎటువైపో ముందుగా ఎవరికిని తెలియలేదు. ఈ రెండు సంగతులను చదివి భయపడనివాడు ఇంకను నరకమును గూర్చి వినలేదు.

ఆ శిక్ష ఎట్టిదని అడుగుదురు. ఒకచోట అగ్ని అనియు, మరియొకచోట వెలుపటి చీకటి అనియు వాక్యము చెప్పుచున్నది. అగ్ని యున్నచోట చీకటి యెట్లుండును? మన మాటలకు అందనిదానిని మనకు తెలిసిన భయంకరమైనవాటితో పోల్చి చెప్పుచున్నాడు. అలెగ్జాండ్రియావాడైన ఓరిగెను, కడపట సమస్తమును దేవునియొద్దకు తిరిగివచ్చునని నిరీక్షించెను. అగస్టీను, నిత్యశిక్ష నిత్యమైనదేయని బోధించెను. సంఘము ఎక్కువగా అగస్టీను వెంటనే నడిచినది, మనమును మత్తయి 25:46 చదివి అట్లే బోధించుచున్నాము. ఇంగ్లండులో పేరుపొందిన సువార్త బోధకుడు జాన్ స్టాట్‌గారు 1988లో, దుష్టులు కడపట లేకుండ నశింతురేమో అని వ్రాసిరి. మన చేద త్రాడు పొట్టిది, బావి లోతైనది. నీళ్లు అందినంతమట్టుకు త్రాగుదము. అందనిచోట త్రాడును పొడుగని చెప్పుకొనరాదు. దేవునినుండి దూరముగా, తిరిగి చేరలేనంతగా మనుష్యుడు పోగలడని మాత్రము ప్రభువు స్పష్టముగా చెప్పెను. మనలను మేల్కొల్పుటకు అది చాలును.

5. ఆ తల్లికి ఏమి చెప్పుదము?

ఇప్పుడు మూడవ మాటకు వత్తము. ఆమె కుమారుడు మందిరమునకు రాలేదు. బాప్తిస్మము పొందలేదు. త్రాగుడు అలవాటుండెను. ఒక దినము దారిలో చనిపోయెను. "నా కొడుకు యాడున్నడు?"

పరలోకములో నున్నాడు అని చెప్పి ఆమెను ఊరడించుటకు మాకు అధికారము లేదు. రక్షణ క్రీస్తునందు తప్ప మరి ఎవనియందును లేదు (అపొ. కార్యములు 4:12). దీనిని మేము తగ్గించి చెప్పజాలము. అయితే నరకములో నున్నాడు అని చెప్పుటకును మాకు అధికారము లేదు. ఎందుకనగా ఆ కడవరి ఊపిరిలో ప్రభువునకును ఆ కుమారునికిని మధ్య ఏమి జరిగెనో మేము చూడలేదు. సిలువమీది దొంగను చూడుడి. ప్రభువుతోకూడ సిలువ వేయబడినవారును ఆయనను నిందించిరని మత్తయియు మార్కును వ్రాసిరి. ఆ నింద విని ఇంటికి వెళ్లిపోయినవాడు, "ఆ దొంగ తిట్టుచునే చచ్చెను" అని జీవితాంతము చెప్పియుండును. కడవరకు నిలిచినవారికే ఆ దొంగ వేడుకొనిన మాటయు ప్రభువు ఇచ్చిన వాగ్దానమును వినబడెను. లూకా దానిని వ్రాసెను. మనము ఎప్పుడును ముందుగా ఇంటికి వెళ్లిపోవువారమే.

కనుక ఆమెతో ఇట్లు చెప్పుదుము: "అమ్మా, నీ కొడుకు నీ చేతిలోనుండి జారిపోయెను గాని వానిని చేసినవాని చేతిలోనుండి జారిపోలేదు. సర్వలోకమునకు తీర్పరియైనవాడు అన్యాయము చేయడు." అబ్రాహాము ఈ మాటను ఆధారము చేసికొనియే తన ఊరు కాని సొదొమ కొరకు బ్రతిమాలెను (ఆదికాండము 18). చంటిబిడ్డను పోగొట్టుకొనినవారితో ఇంకను ధైర్యముగా మాటలాడుదుము. చిన్నబిడ్డలను రానీయుడని చెప్పినవాడు వారిని ద్వారమునొద్దనుండి త్రిప్పివేయడు. తన బిడ్డ చనిపోయినప్పుడు దావీదు లేచి భోజనము చేసి, వాడు నాయొద్దకు రాడు గాని నేను వానియొద్దకు పోవుదునని చెప్పెను (2 సమూయేలు 12).

సువార్త వినక చనిపోయిన పొరుగువారి సంగతి ఏమి? తెలిసి చేయని దాసునికి ఎక్కువ దెబ్బలు, తెలియక చేసినవానికి తక్కువ అని ప్రభువే చెప్పెను (లూకా 12:47, 48). ధర్మశాస్త్రము లేనివారి హృదయములలో వ్రాయబడినదానిని దేవుడు చూచునని పౌలు వ్రాసెను (రోమా 2:14–16). ఎక్కువ పొందినవారము మనము. వారిని గూర్చి భయపడుటకంటె ముందుగా మనలను గూర్చి భయపడవలెను. ప్రతి ఆదివారము విని మరచిపోయిన వాక్యమునకు లెక్క మనమే చెప్పవలెను.

6. మనము చేయవలసినవి

మొదటిది, ఏ కులమువాడైనను ఏ మతమువాడైనను పొరుగువాడు చనిపోయినప్పుడు వాని యింటికి పోయి కూర్చుందము. పొయ్యి వెలుగని ఆ యింటికి అన్నము తీసికొనిపోదము. తీర్పు మాట ఒక్కటియు పలుకకుందము. యెరూషలేము నాశనమును ముందుగా చూచి ప్రభువు ఏడ్చెను. ఏడ్వలేనివాడు నరకమును గూర్చి ప్రసంగింపకుండుట మేలు.

రెండవది, చనిపోయినవారి స్థితిని మార్చుటకని అప్పుచేసి గొప్ప విందులు పెట్టవద్దు. డబ్బుతో ఆత్మలను విడిపింపవచ్చునను బోధకు విరోధముగనే 1517లో మార్టిన్ లూథరు తన 95 వాదములు వ్రాసెను. జ్ఞాపకార్థ కూడికలో కృతజ్ఞత చెల్లించుట మంచిదే. అయితే సమాధి దగ్గర ఖర్చుపెట్టు రూపాయలకంటె, బ్రదికియున్నప్పుడు ఆ తండ్రికి పోసిన గంజి శ్రేష్ఠము.

మూడవది, హద్దురాయి జరిపియున్నయెడల ఈ వారమే పోయి తిరిగి దాని చోట నాటుదము. బిగబట్టిన కూలి ఇచ్చివేయుదము. మాటలు మానుకొనిన అన్నతో మాటలాడుదము. ఆలస్యము చేయువానికి మీర్జాగూడ దారియే జ్ఞాపకము చేయుచున్నది. ఆ ఉదయము బస్సు ఎక్కినవారిలో ఎవరును తమకు సాయంకాలము లేదని తలంపలేదు.

సిలోయము మాట ముగించి ప్రభువు వెంటనే ఒక తోటమాలి కథ చెప్పెను. మూడు సంవత్సరములుగా కాయని అంజూరపు చెట్టును నరికివేయుమని యజమానుడు చెప్పగా, తోటమాలి అడ్డుపడి, ఈ సంవత్సరము కూడ ఉండనిమ్ము, నేను చుట్టు త్రవ్వి పెంట వేసెదనని వేడుకొనెను. సేద్యము చేయు మనకు ఈ కథ అర్థమగును. గొడ్డలి నిజమైనది, తోటమాలి ప్రేమయు నిజమైనది. ఆ చెట్టు తరువాత కాచెనో లేదో ప్రభువు చెప్పలేదు. ఆ ముగింపు మనము వ్రాయవలసినది.

ప్రార్థన: సర్వలోకమునకు తీర్పరివైన తండ్రీ, మా మృతులను నీ న్యాయమునకును నీ కనికరమునకును అప్పగించుచున్నాము. పొరుగువానికి తీర్పు తీర్చు మా నాలుకను కట్టుము. నీవిచ్చిన ఈ సంవత్సరములో మా వేళ్ల చుట్టు త్రవ్వి మమ్మును ఫలింపజేయుము. ప్రభువైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.